పడదు అన్న మాట

తెలుగులో 'పడదు' అన్న మాట ఉన్నంతకాలం నా బిడ్డ ప్రాణానికి భరోసా లేదు. వంకాయ పడదంటారు, ఒళ్ళు దురద పెడుతుందని. పెరుగు పడదంటారు, జలుబు చేస్తుందని. తోటికోడలితో పడదంటారు, మాటల్లేవని. చావు సంగతి చెప్పాలన్నా నాకు ఆ మాటే దిక్కయింది. "మా బిడ్డకు పల్లీలు పడవు" అంటాను. విన్నవాళ్ళకు దురదో, జలుబో, అలకో గుర్తుకొస్తుంది. గొంతు మూసుకుపోవడం ఎవరికీ గుర్తుకు రాదు.

మొదటిసారి అది జరిగింది మెట్‌పల్లిలో, మా అత్తగారింట్లో. బిడ్డకు మూడేళ్ళు. మా మరిది దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చాడు. అట్టపెట్టెకు కట్టిన తాళ్ళు కోసి, సెంటు సీసాలు, దుప్పట్లు, సబ్బులు బయటికి తీసి, పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి బంగారు కాగితం చుట్టిన చాక్లెట్లు పంచాడు. నా బిడ్డ సగం కొరికి మిగతా సగం నా చేతిలో పెట్టింది. అది నా చేతిలో ఉండగానే బిడ్డ పెదవులు ఉబ్బాయి. తర్వాత కళ్ళు. తర్వాత కక్కింది. ఏడవబోయి ఏడవలేకపోయింది. గొంతులోంచి కుక్కపిల్ల మూలిగినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. మా ఆయన అప్పటికింకా మస్కట్ పోలేదు. బండి మీద ఇద్దరి మధ్యలో బిడ్డను పెట్టుకొని దవాఖానకు పోయాం. సూది వేశారు, ఆక్సిజన్ పెట్టారు. బిడ్డ తేరుకున్నాక డాక్టర్ నా చేతిలో మిగిలిన ముక్కను విరిచి చూశాడు.

"పల్లి పడలేదమ్మా. ఇంకెప్పుడూ పెట్టకండి," అన్నాడు.

చూశారా, డాక్టర్ కూడా ఆ మాటే అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా మరిది మొహం ముడుచుకొని కూర్చున్నాడు. బిడ్డ ఎట్లుందని అడగలేదు. "అందరు పిల్లలు తిన్నరు వదినా. నీ బిడ్డకొక్కదానికే పడలేదా?" అన్నాడు. ఆ దసరాకు చుట్టాల ముందు అది "మా వదినకు నేను తెచ్చిన సామాన్లు పడవు" అయింది. తర్వాత ఎవరి పెండ్లిలోనో "మా వదినకు మేమే పడం" అయింది. అందరూ నవ్వారు. బిడ్డ గొంతులో మొదలైన మాట తిరిగి తిరిగి నా గుణం మీదికి వచ్చింది. ఎవరెవరు నవ్వారో, ఎవరు పక్కవాళ్ళ చెవిలో చెప్పి మరీ నవ్వించారో నాకు గుర్తే.

మా అత్తది ఇంకో దారి. "పడకపోవుడేంది? మనం పల్లీలు పండిచ్చినోళ్ళం. జరజర పెడితే అదే అలవాటైతది," అనేది. ఒకరోజు నేను స్నానానికి పోయినప్పుడు బీరకాయ కూరలో పల్లీల పొడి కలిపి బిడ్డకు ముద్దలు పెట్టింది. నేను వచ్చేసరికి బిడ్డ మెడంతా దద్దుర్లు. అరచేతులు గోడకేసి రాసుకుంటోంది. మళ్ళీ బండి, మళ్ళీ దవాఖాన. తిరిగొచ్చాక అత్త గడపలో నిలబడి, "దద్దుర్లే గదా! పానమైతే పోలే గదా!" అన్నది.

ఆ మాట నేను ఆమెకు ఇంకా తిరిగివ్వలేదు. నా దగ్గరే ఉంది.

కరీంనగర్‌లో వేరు కాపురం పెట్టింది బిడ్డ చదువు కోసమని అందరికీ చెబుతాను. అసలు సంగతి వంటగది నా ఒక్కదాని చేతిలో ఉండాలని. నా ఇంట్లో పల్లి గింజ లేకుండా చూసుకోగలను. కానీ బిడ్డను ఇంట్లోనే కట్టేసుకోలేను కదా. బడి, ట్యూషను, స్నేహితురాళ్ళ పుట్టినరోజులు. మా దిక్కు పల్లి లేని తిండి ఎక్కడుంది? సర్వపిండిలో పల్లి, సాలన్‌లో పల్లి, సద్దుల బతుకమ్మ నాడు పంచే పొడుల్లో పల్లి. టిఫిన్ సెంటర్‌లో ఉత్త చట్నీ అంటే పల్లి చట్నీయే. వేరేదైతేనే దానికి పేరుంటుంది.

మా వీధి చివర అట్లాంటి టిఫిన్ సెంటర్ ఒకటి ఉంది. బిడ్డ ఆరో తరగతిలో ఉండగా ఒక పొద్దున ఇడ్లీ అడిగాను. చట్నీ వద్దు, అల్లం చట్నీ ఒక్కటే చాలన్నాను. అతను పల్లి చట్నీలో ముంచిన గరిటెనే అల్లం చట్నీలో ముంచి పోశాడు.

"అన్నా, ఈ ప్లేటు వద్దు. వేరే గరిటెతోటి వేరే ప్లేటు పెట్టు. మా పాపకు పల్లీలు పడవు," అన్నాను.

అతను ప్లేటు నా చేతిలోంచి గుంజుకున్నాడు. వెనుక నిలబడ్డవాళ్ళందరికీ వినబడేటట్టు, "గింత భయముంటే ఇంట్లనే తినుండ్రి మేడం. పొద్దుపొద్దున నా గిరాకి ఖరాబ్ చెయ్యకుండ్రి," అన్నాడు.

బిడ్డ నా కొంగు పట్టుకొని లాగింది. నేను కదల్లేదు. గరిటెల గురించి చెప్పాల్సిందంతా చెప్పిన తర్వాతే కదిలాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా కూరగాయలకు పోయేటప్పుడు కావాలని అతని ముందు నుంచే పోతాను. అతను తలెత్తి నన్ను చూసేదాకా నడక తగ్గిస్తాను.

అయినా ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బిడ్డకు నూడుల్స్ కావాలి. స్నేహితురాళ్ళంతా సాయంత్రం ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గర తింటుంటే తను ఎదురుగా నీళ్ళ సీసా పట్టుకొని నిలబడి వచ్చేది. ఇంట్లో చేసి పెట్టాను. "గట్ల కాదమ్మా," అన్నది. ఎట్లనో నాకూ తెలుసు. ఆ మంట, ఆ సాసు వాసన, పదిమందిలో నిలబడి ఊదుకుంటూ తినడం. అందుకని బస్టాండ్ దారిలో ఒక బండిని ఎంచుకొని, రోడ్డు ఇవతల నిలబడి కొన్ని సాయంత్రాలు అతని చేతులనే చూశాను. ఆ చెయ్యి ఎందులోంచి తీసి ఎందులో పెడుతుంది, ఏ గుడ్డకు తుడుచుకుంటుంది, గరిటె ఎక్కడ ఆనిస్తుంది. వేయించిన పల్లీల డబ్బా ఎడమవైపు ఉంది. మందు తాగేవాళ్ళు ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండించుకొని తీసుకుపోయేవి అవి. అది తెరవడం చీకటి పడ్డాకే. అప్పుడు పోయి మాట్లాడాను. బండి పెట్టగానే, కడాయి కడగగానే, ఆ డబ్బా మూత తీయకముందే మొదటి నూడుల్స్ మా బిడ్డకు చెయ్యాలని. అతను నవ్వి ఒప్పుకున్నాడు. మమ్మల్ని దూరం నుంచి చూడగానే "ఫస్ట్ కడాయి పాప వచ్చింది!" అని అరిచేవాడు. బిడ్డ తల దించుకునేది.

బిడ్డ తింటుంటే నేను ప్లేటు చూసేదాన్ని కాదు. పెదవులు చూసేదాన్ని. కింది పెదవి మామూలుగా ఉందా, కొంచెం లావుగా ఉందా? సాసు ఎరుపా, లోపలి ఎరుపా? చెవుల వెనుక గోక్కుంటే జుట్టు పక్కకు తీసి చూసేదాన్ని. "దోమ కుట్టిందమ్మా," అనేది. అంతా అయిపోయి ఇంటికొచ్చి, బిడ్డ హోంవర్క్ ముందు కూర్చున్నాక కూడా, ఏదో ఒక సాకుతో దాన్ని మాట్లాడిస్తూనే ఉండేదాన్ని. గొంతు మారిందేమో వినడానికి.

కరీంనగర్‌లో పిల్లల డాక్టరమ్మ ఒకామె మమ్మల్ని ముందు కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. గొంతు పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా మాత్ర వేసి చూద్దామని కూర్చోవద్దు. తొడకు బయటివైపు ఈ సూదిమందు గుచ్చి అప్పుడు దవాఖానకు పరుగెత్తాలి. సిరంజి మీద మందు ఎంతవరకు లాగాలో గీత గీసిచ్చింది. బత్తాయి పండు మీద నాతో పొడిపించింది. చిన్న గాజు సీసా అది, మెడ విరిస్తే మందు. దాన్నీ సిరంజినీ గట్టి కళ్ళజోడు పెట్టెలో పెట్టి బిడ్డ పోయిన చోటికల్లా పంపేదాన్ని. ఎదురింటామె అది చూసి, "మన కాలనీల కొత్త డాక్టరమ్మ దిగింది," అని నలుగురిలో అన్నది. ఆమె మనవడు గోడ మీద నుంచి పడ్డప్పుడు కట్టు కట్టడానికి నా దగ్గరికే వచ్చింది. కట్టాను. మాట మాత్రం మరిచిపోలేదు.

ఇంటర్ అయ్యాక బిడ్డకు ఆదిలాబాద్‌లో వ్యవసాయం చదువుకు సీటు వచ్చింది. హాస్టల్‌లో ఉండాలి. హాస్టల్ వంటవాళ్ళను నేను బతిమాలో బెదిరించో దారికి తెచ్చుకోగలను. కానీ ఆ వయసు పిల్లలు హాస్టల్ అన్నం ఎన్నాళ్ళు తింటారు? గేటు దాటితే బండ్లే. మస్కట్ నుంచి మా ఆయన ఫోన్‌లో, "పోనియ్యి. ఎన్నాళ్ళు కొంగుకు కట్టుకుంటవ్?" అన్నాడు.

"కొంగుకు కట్టుకున్నందుకే బతికింది," అని ఫోన్ పెట్టేశాను.

ఇద్దరం బస్సులో బయలుదేరాం. మెట్‌పల్లిలో బస్సు ఆగితే నేను దిగలేదు. అత్తగారిల్లు నడిచిపోయే దూరం. అటువైపు కిటికీ మూసేశాను. బస్సు కదిలాక బిడ్డ అన్నది:

"అమ్మా, ఒక్క మాట ఇంటవా?"

"చెప్పు."

"ఆదిలాబాద్‌ల నేనే అడుగుత. నువ్వు నడిమిట్ల మాట్లాడకు."

"ఎందుకు?"

"నువ్వడిగితే అడిగినట్టుండదు, కొట్లాటకు పోయినట్టుంటది. రేపటిసంది నేనొక్కదాన్నే గదా అడగాల్సింది. నేర్చుకోనియ్యి."

"నీకు తెల్వదు బిడ్డ, మనుషులు..."

"మనుషులు నాకు తెలుసు. నీకు వాళ్ళు చేసిన తప్పులే తెలుసు."

కన్నబిడ్డ మాట కదా అని దాన్నేమీ తీసి పక్కన పెట్టలేదు. అదీ మిగతావాటితో పాటే ఉంది. కానీ ఒప్పుకున్నాను. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కేదాకా నా చెయ్యి దాని సంచిలోని కళ్ళజోడు పెట్టె మీదే ఉంది.

కాలేజీ ఆఫీసులో మాత్రం ఆగలేకపోయాను. "పల్లి చేన్ల పని చేయిస్తరా సార్? మా బిడ్డకు పడదు," అని అడిగాను. గుమాస్తా కళ్ళజోడు మీది నుంచి చూసి, "వ్యవసాయం చదువుకొచ్చి చేన్లకు పోనంటే ఎట్ల మేడం? కుర్చీల కూసుంటే పంట పండుతదా?" అన్నాడు. వరుసలో ఉన్న తల్లిదండ్రులు నవ్వారు. బిడ్డ నా వైపు చూడకుండా బయటికి నడిచింది.

దాని గదిలో ఉండబోయే ఇద్దరు అమ్మాయిలు అప్పటికే వచ్చి ఉన్నారు. మంచి పిల్లలు. మధ్యాహ్నం ఎండ తగ్గాక, "ఆంటీ, రాండ్రి, ఈడ వడాపావ్ మస్తుంటది," అని మా ఇద్దరినీ బయటికి తీసుకుపోయారు. మహారాష్ట్ర పక్కనే కాబట్టి ఆదిలాబాద్‌లో ఆ తిండీ ఉంది, తెలుగులో మరాఠీ మాటలూ కలిసిపోయి ఉన్నాయి. బండి దగ్గర నా వయసు మనిషి ఒకతను పావ్‌లు కోస్తున్నాడు. అతని భార్య వడలు వేస్తోంది.

బిడ్డ ముందుకు పోయింది. నేను కొంచెం వెనుక నిలబడ్డాను.

"అన్నా, దీంట్ల పల్లీలు ఉంటయా? నాకు పల్లీలు పడవు."

"వడల పల్లీలేంది చెల్లె! లోపల ఆలుగడ్డ, పైన శెనగపిండి. గంతే."

"నూనె?"

"పామాయిల్. గదిగో డబ్బా, సూస్కో."

బాగా అడుగుతోందని అనుకున్నాను. నాకంటే మెత్తగా అడుగుతోంది.

"గా ఎర్ర పొడి ఏంది?"

"గది సట్నీ. ఎల్లిపాయ, మిర్చి, కొబ్బరి, జర కూట్."

"పల్లీలైతే లెవ్వు గదా?"

"లెవ్వంటున్న గదా చెల్లె. ఎన్నిసార్లు సెప్పాలె?"

కూట్ అన్న మాట నాకు ముల్లులా తగిలింది. బిడ్డ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులో బస్సులో చేసుకున్న ఒప్పందం ఉంది. అయినా నోరు ఆగలేదు.

"కూట్ అంటే ఏంది అన్నా?"

"కూట్ అంటే కూటే అక్కా. పొడి."

"ఏం పొడి?"

"అమ్మా!" అన్నది బిడ్డ, పళ్ళ మధ్య నుంచి. ఆ ఇద్దరమ్మాయిలు నేల చూపులు చూశారు. బండి అతను ఇంకెవరికో పావ్ చేతికిస్తూ నా మాట వినలేదు. నా మీది కోపంతో, కావాలనే, బిడ్డ తన చేతికొచ్చిన పావ్‌ను పెద్ద ముక్క కొరికింది.

నమిలింది. మింగింది. ఇంకోసారి కొరకబోయి ఆగింది. నాలుకను పళ్ళకు రాసుకుంది. నాకు ఆ కదలిక తెలుసు. మూడేళ్ళప్పుడు కూడా అట్లనే రాసుకుంది.

"అమ్మా, నోట్ల ఎట్లనో అయితుంది," అన్నది.

పావ్ చేతిలోంచి లాగేసి నోట్లో ఉన్నది ఉమ్మించాను. కానీ మింగింది మింగిందే. పెదవి ఒకవైపు లేచింది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు కళ్ళ ముందే పైకి పాకాయి. దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు పొడి దగ్గు కాదు, గొంతులో ఎవరో తలుపు వేస్తుంటే సందులోంచి వచ్చే చప్పుడు.

"పల్లి ఉన్నదీంట్ల!" అని అరిచాను.

"నా బండి కాడ గీ లొల్లేంది? లెవ్వని సెప్పిన గదా! ఒక్క గింజ సూపియ్యి!" అని అతనూ అరిచాడు.

పక్కనున్న అమ్మాయి ఏడుస్తూ అన్నది: "ఆంటీ, కూట్ అంటే పల్లీల పొడే. మా ఇంట్ల గట్లనే అంటం. పల్లీలు అని అడిగితే... గింజలనుకున్న ఆంటీ."

బిడ్డను నేల మీద పడుకోబెట్టాను. జనం మూగారు. "ఎండదెబ్బ, ఉల్లిగడ్డ వాసన సూపియ్యుండ్రి," అన్నది ఒక ముసలామె. "ఫిట్స్ గిది, చేతుల తాళాలు పెట్టుండ్రి," అన్నాడు ఒకతను. నిజంగానే తన బండి తాళాలు తీసి దాని అరచేతిలో కుక్కబోయాడు. మోచేత్తో నెట్టాను. కళ్ళజోడు పెట్టె తెరిచాను. బత్తాయి పండు మీద ఎన్నోసార్లు చేసిన పనే. సీసా మెడ విరిచినప్పుడు గాజు నా వేలిలో దిగింది. నెత్తురుతో సిరంజి జారుతోంది. గీత కనబడలేదు. కళ్ళు తుడుచుకొని చూశాను. గీత దాకా లాగాను. బిడ్డ నన్నే చూస్తోంది. దాని నోరు కదులుతోంది గానీ మాట రావడం లేదు. పైజామా మీద నుంచే తొడలోకి గుచ్చాను.

మూగిన జనం వెనక్కి జరిగారు. బండి అతను చేతిలో కత్తితో అట్లనే నిలబడిపోయాడు.

ఆటోలో సర్కారు దవాఖానకు పోయేదాకా నేను ఏమేం అన్నానో నాకు తెలియదు. ఆ అమ్మాయిలు తర్వాత చెప్పారు, మా అత్తను, మరిదిని, టిఫిన్ సెంటర్ అతన్ని, మా ఆయన్ని, గుమాస్తాను అందరినీ తిట్టానట. నాకు గుర్తున్నది ఒక్కటే, బిడ్డ ఛాతీ మీద నా అరచెయ్యి. అది లేచిన ప్రతిసారీ, ఇంకొకసారి లేస్తుందా అన్నదే ఆలోచన. దవాఖానలో ఇంకో సూది వేశారు, ఆక్సిజన్ పెట్టారు, మళ్ళీ తిరగబెట్టొచ్చని మర్నాటిదాకా ఇంటికి పంపం అన్నారు. సాయంత్రానికి పెదవులు దాని పెదవుల్లాగా అయ్యాయి.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయిలను దాని దగ్గర కూర్చోబెట్టి నేను బండి దగ్గరికి పోయాను. ఎందుకు పోయానని మా ఆయన తర్వాత అడిగాడు. పోకుండా ఎట్లుంటాను?

నన్ను చూడగానే అతని భార్య పొయ్యి తగ్గించి, "పోరి బాగుందా?" అన్నది. అతను అడగలేదు. అది కూడా రాసిపెట్టుకున్నట్టే నా మనసులో ఉంది.

"నువ్వు అబద్ధమాడినవ్," అన్నాను.

"ఆడలే అక్కా. పల్లీలంటే గింజలు. గింజలు ఏసిన్నా? కూట్ ఏసిన, కూట్ అనే సెప్పిన. నా నోటితోటి సెప్పిన."

"ఏం పొడి అని అడిగిన గదా!"

"నాకు ఇనబడలే. అయినా కూట్ ఎన్ని తీర్లుంటది? మా ఇంట్ల అన్నిట్ల పడుతది. అన్నం తింటరా అంటే ఏం గింజ అన్నమని అడుగుతరా మీరు?"

నేను గొంతు పెంచాను. అతనూ పెంచాడు. కాసేపటికి అతను తడి గుడ్డ బల్ల మీద విసిరి, నా మీద కాదు, తన మీదే అరిచినట్టు అన్నాడు: "పడవు అన్నది పోరి! పడవంటే కడుపు నొస్తదేమో అనుకుంట. నా పెండ్లానికి వంకాయ పడదు, బతికే ఉన్నది గదా? సస్తదని ఎందుకు సెప్పలే మీరు? ఆ ఒక్క మాట సెప్తే నేను ఇస్తుంటినా?"

నాకు జవాబు ఉంది, కానీ అతనికి చెప్పాలనిపించలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఎవరు చెబుతారు? బతికున్న బిడ్డ గురించి ఏ తల్లి నోటితో ఆ మాట అంటుంది? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, ఏ గడియలో అన్న మాట ఆ గడియలో నిజమవుతుందని మా అవ్వ నేర్పింది నాకు. టిఫిన్ సెంటర్ ముందు, పెండ్లి పందిళ్ళలో, కాలేజీ ఆఫీసులో, ఆ మాట ప్రతిసారీ నా పళ్ళదాకా వచ్చింది. ప్రతిసారీ మింగి 'పడదు' అన్నాను. నేనే కాదు, ఇక్కడ ఎవరైనా అదే చేస్తారు. చావును పేరు పెట్టి పిలవకుండా ఉండటానికే కదా మనకిన్ని మెత్తటి మాటలు.

దవాఖానకు తిరిగొచ్చి బట్టలు సర్దడం మొదలుపెట్టాను. బిడ్డ మంచం మీద కూర్చొని ఉంది. గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

"యాడికి?" అన్నది.

"కరీంనగర్‌కు. ఇగ సదువు లేదు, పాడు లేదు."

"నేను రాను."

"నిన్న చూడలేదా?"

"చూసిన. నువ్వు చూసినవ్, నాకు అయింది." దమ్ము తీసుకొని, "ఆయన ఏమన్నడు?" అని అడిగింది. చెప్పాను. చివరి మాట చెప్పొద్దనుకున్నాను గానీ అతని మీది కోపంలో అదీ చెప్పేశాను, సస్తదని ఎందుకు చెప్పలేదన్నాడని.

బిడ్డ పైకప్పు వైపు చూసింది. "అయితే గదే చెప్త," అన్నది. "అన్నా, పల్లి తింటే నేను సచ్చిపోత. గింజయినా, పొడయినా, కూటయినా, ఆ గరిటె తగిలినా."

నేను ఉరికి దాని నోరు మూశాను. నా వేలికి కట్టిన కట్టు దాని పెదవులకు తగిలింది. అది నా చెయ్యి తీసేసి, కోపంతో కాదు, నెమ్మదిగా, మళ్ళీ ఒకసారి అదే మాట మొత్తం అన్నది. నాకు పక్క మంచం మీదివాళ్ళు విన్నారేమోనని కూడా భయమేసింది. కిటికీ బయట తిరిగే దేవతలు విన్నారేమోనని ఇంకా భయమేసింది.

బిడ్డ ఆదిలాబాద్‌లోనే ఉంది. నేను ఓడిపోయానని మా ఆయన అంటాడు. నేను ఓడిపోలేదు, ఒప్పుకోనూ లేదు. నా బస్సు కదిలేటప్పుడు కూడా కిటికీలోంచి, "ఇష్టం లేదు నాకు," అనే చెప్పాను.

మొన్న ఒక సాయంత్రం ఫోన్ చేసింది. బయట ఉంది, బండ్ల చప్పుడు వినబడుతోంది. ఆకలైతుందన్నది. హాస్టల్‌లో తినమన్నాను. "ఫోన్ పెట్టకు, ఇను," అన్నది. ఎవరితోనో మాట్లాడటం వినబడింది. "అన్నా, ఒక ఎగ్ రైస్ కావాలె. కానీ పల్లి జర తగిలినా నేను సచ్చిపోత." అంత మామూలుగా, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు. నేను ఇక్కడ వంటగదిలో గోడ పట్టుకున్నాను.

అవతల కడాయి మీద గరిటె చప్పుడు ఆగింది.

"సచ్చిపోతవా?" అన్నది ఒక మగ గొంతు.

"అవునన్నా."

గరిటె బల్ల మీద పెట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆ గొంతు అన్నది: "వద్దు చెల్లె. నేను పల్లీలు ఏస్త, రోజంత నా చేతులకు గదే ఉంటది. నాకు భయమైతుంది. నీకు చెయ్యను. గా చివరి బండాయన పల్లీలు ఉంచడు, ఆయన్ని అడుగు. నేనన్ననని చెప్పు."

ఇన్నేళ్ళలో నా బిడ్డకు తిండి లేదన్నవాళ్ళందరి మాటలూ నాకు గుర్తున్నాయి. ఈ మాటను వాటి పక్కన పెట్టాలని చూశాను. అది అక్కడ కూర్చోలేదు. ఆ మనిషి గొంతులో ఉన్నది నా భయమే. దాన్ని ఇంకొకరి నోట వినడం నాకు అదే మొదటిసారి.

బిడ్డ నడిచింది. చివరి బండి దగ్గర మళ్ళీ అదే మాట మొత్తం చెప్పింది. సాసులేమిటి, నూనె ఏమిటి, కడాయిలో అంతకుముందు ఏం చేశారు, అన్నీ అడిగింది. అతను అన్నింటికీ జవాబు చెప్పాడు. రైస్ చేతికొచ్చింది. కొంచెం నోట్లో పెట్టుకొని ఆగింది. నేనూ ఆగాను.

"ఎట్లుంది?"

"కారముంది."

"మాట్లాడుకుంట తిను."

"ఏం మాట్లాడాలె?"

"ఏదైన. ఆపకు."

మక్కచేనుకు వచ్చే కత్తెర పురుగు గురించి ఆ రోజు క్లాసులో చెప్పిందంతా చెప్పడం మొదలుపెట్టింది. ఆకు మధ్యలో దూరి ఎట్లా తింటుందో, పొద్దున పూట ఎట్లా పట్టుకోవాలో. నాకు పురుగు సంగతి ఒక్కటీ తలకెక్కలేదు. గొంతు సన్నబడుతుందా, మాట మధ్యలో దగ్గు వస్తుందా, అదొక్కటే వింటున్నాను. ప్లేటు ఖాళీ అయిందన్నది. చెయ్యి కడుక్కుంటానన్నది.

"ఇంకా చెప్పు," అన్నాను.